దానంతట అదే ఆగే మిషన్

కోకంద్, ఏప్రిల్ 6

అక్కయ్యకు సలాములు.

మీరూ బావా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మీ మరదలు హోసియత్ బాగుంది. అమ్మాయి ఓయ్‌దిన్ అత్తారింట్లో బాగుంది. దానిమ్మ చిగుళ్ళు వేసింది. బాగాలేనిది మీరు పంపిన పొట్టు పీల్చే మిషన్ ఒక్కటే.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. చేస్తే మీరు మాట్లాడతారు, నేను దగ్గుతాను, నాలుగు మాటలయ్యేసరికి "ముందు నీళ్ళు తాగు" అని మీరే పెట్టేస్తారు. కాగితం మీదయితే దగ్గు వినబడదు. ఎర్గాష్ ఎలాగూ తాష్కెంట్‌కి టాక్సీ తోలుతున్నాడు కాబట్టి రొట్టెల మూటలో దీన్ని పెట్టి మీ కొట్టులో ఇమ్మన్నాను. రొట్టెలు హోసియత్ కాల్చింది. కొవ్వు వేసిన రొట్టెలు మీకు పడవని తెలిసీ అవే కాల్చింది. ఆ సంగతి మీరూ మీరూ చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు.

ఇక మిషన్. మీరు చెప్పినట్టే రంపానికీ లేత్‌కీ మధ్య పెట్టాను. మీరు చెప్పినట్టే దానికి వేరే లైను ఇచ్చాను. వర్క్‌షాపు లైను ఈ బరువు మొయ్యదన్నారు కదా, అందుకని వంటింటి వసారాలో ఉన్న ప్లగ్గు నుంచి వాకిలి మీదుగా పొడుగు వైరు లాగాను. మొదటి వారం బాగానే పీల్చింది. గాలిలో పొట్టు లేదు, టీ తాగితే టీ లాగే ఉంది. పోనీలే, అక్కయ్య చేతిలో ఏదో ఉంది అనుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది దీని రోగం. మల్బరీ పలక రంపం మీద పెట్టి సగం కోస్తానో లేదో, ఊఁ అని మూలిగి ఆగిపోతుంది. అంతసేపూ లాగిన పొట్టంతా గొట్టంలోంచి వెనక్కి రాలుతుంది. రంపం మాత్రం తిరుగుతూనే ఉంటుంది, కొత్త పొట్టు నా మొహం మీద కొడుతూనే ఉంటుంది. నేను దీని చుట్టూ తిరిగి, తట్టి, తిట్టి, విసిగి మళ్ళీ పనిలో పడతానా, కాసేపటికి దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. ఆగమని ఎవరన్నారు, తిరగమని ఎవరన్నారు? రోజుకి ఎన్నిసార్లో లెక్క పెట్టడం మానేశాను.

పైగా తిరిగినంతసేపూ చెక్కనేల అంతా అదురుతుంది. రంగు వేసి వరసగా ఆరబెట్టిన ఉయ్యాలతొట్లు ఒకదానికొకటి తగిలి అంచులు చెడుతున్నాయి. ఎర్ర రంగు పసుపుకి, పసుపు ఆకుపచ్చకి అంటుకుంటోంది.

ఉమ్మితే పసుపు పచ్చగా పడుతోంది. ముక్కు చీదితే రుమాలు చూడాలంటే నాకే రోత. డాక్టరమ్మ నా ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, ఈ పొట్టు ఇంకో ఏడాది పీలిస్తే నీ ఊపిరితిత్తులు నీకు మిగలవు అన్న సంగతి మీకు తెలుసు. ఆ మాట విన్నాకే కదా మీరు మిషన్ చేసి పంపారు. పంపేటప్పుడు ఒకసారి తిప్పి చూడాల్సింది. ఎవరో వద్దని తిరగ్గొట్టిన మోటారు తమ్ముడికి తగిలించారేమోనని అనుమానం. తప్పుగా అంటే క్షమించండి.

మీ తమ్ముడు
హమ్రకుల్


తాష్కెంట్, ఏప్రిల్ 10

తమ్ముడు హమ్రాకి,

నీ ఉత్తరం చదివి కాసేపు కొట్టు బయటికి పోయి నిలబడ్డాను. లేకపోతే చేతిలో ఉన్న సుత్తి ఎవరి మీద పడేదో.

తిరగ్గొట్టిన మోటారా? ఆ తీగ ప్రతి చుట్టూ నా వేళ్ళతో చుట్టాను. ఈ బజారులో పిండిమరలవాళ్ళూ పంపులవాళ్ళూ కరామత్ అక్క చుట్టిందంటే కళ్ళు మూసుకుని పట్టుకుపోతారు. వాళ్ళెవరి దగ్గరా మూలగని మోటారు నీ దగ్గరే మూలిగిందంటే దాని తప్పు కాదు, అది చేరిన ఇంటి తప్పు.

విను. ఆ మోటారులో వేడి కనిపెట్టే బిళ్ళ ఒకటి పెట్టాను. వేడి హద్దు దాటితే అది కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ ఇస్తుంది. ఆగి, కాసేపటికి దానంతట అదే తిరిగిందంటే వేడెక్కిందన్న మాట. వేడెక్కిందంటే నువ్వేదో చేశావన్న మాట.

వైరు పొడుగు మిగిలిందని చుట్ట చుట్టి మేకుకి తగిలించావా? చుట్టే ఉంటావు. మన ఇంటి మగవాళ్ళకి ఏ వైరు చూసినా గొర్రెని కట్టే తాడే గుర్తొస్తుంది. చుట్టలో కరెంటు పోతే వైరు కాగుతుంది, మోటారుకి చాలినంత అందదు. మొత్తం విప్పి గోడ పక్కన పరుచు. రెండోది, గుడ్డ సంచి. నేనిచ్చిన పలచటి సంచే ఉందా? రోజూ సాయంత్రం విదిలిస్తున్నావా? ఊపిరి ఆడక నువ్వెలా ఉన్నావో సంచి మూసుకుపోతే అదీ అలాగే ఉంటుంది. నిజం రాయి, సర్దిచెప్పకు.

నాన్న ఆఖరి ఏడు మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరందక. ఆయన ఉమ్మే గిన్నె నేనే కడిగేదాన్ని. చిన్నవాడివని నీకు చూపించేవాళ్ళం కాదు. నువ్వు పసుపు పచ్చ అని రాసిన చోట నాకు ఆ గిన్నె కనబడింది. దాన్ని ఇంకోసారి కడిగే ఓపిక నాకు లేదు, చెప్తున్నా.

కొవ్వు రొట్టెలు మీ బావ తిన్నాడు, బాగున్నాయన్నాడు. ఆయనకి ఏదైనా బాగానే ఉంటుంది.

కరామత్


కోకంద్, ఏప్రిల్ 18

అక్కయ్యా,

మీ ఉత్తరం చేరింది. తిట్లు కూడా ఒక్కటీ చెడకుండా చేరాయి.

వైరు చుట్ట చుట్టి మేకుకి తగిలించిన మాట నిజమే. విప్పేశాను. ఇప్పుడు వాకిలంతా పాము పరిచినట్టుంది, కోళ్ళు దాటడానికి భయపడుతున్నాయి. సంచి సంగతి కూడా చెప్తాను, మళ్ళీ ఇంతెత్తున లేవకండి. మీరిచ్చిన పలచటి సంచిలోంచి పొట్టు పొగలా వస్తోందని హోసియత్ పరుపుగుడ్డతో మందపాటిది కుట్టిపెట్టింది. లోపల దూది కూడా పెట్టింది పాపం, పొట్టు రాకూడదని. మీ ఉత్తరం చదివి అది పీకేసి మీది తొడిగాను. పీకినప్పుడు లోపలున్నదంతా నా నెత్తిన పడింది. స్నానం చేశాక కూడా చెవుల్లోంచి పొట్టు వచ్చింది. ఛీ, ఏం బతుకిది.

ఇంత చేశాక బాగుపడాలి కదా. సోమవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి ఆగలేదు. నాకే భయమేసింది. మంగళవారం కూడా బాగానే ఉంది. బుధవారం మధ్యాహ్నం ఒకసారి మూలిగింది. శుక్రవారానికి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడాలోచిస్తే ప్రతివారం ఇదే వరస. ఆదివారం సంతలో తొట్లమ్ముకుని వస్తానా, సోమవారం మిషన్ నవ్వుతూ తిరుగుతుంది. వారం గడిచేకొద్దీ దానికి బుద్ధి మారుతుంది. శనివారానికి నాకు దాన్ని కాలవలో పారెయ్యాలనిపిస్తుంది.

ఇంట్లో కూడా చిరాగ్గానే ఉంది. ఓయ్‌దిన్ రెండు రోజులకొకసారి వస్తోంది. వచ్చి వసారాలో కూర్చుంటుంది, లేవదు. ఇంత ఎండలో ఆ వదులు కోటు ఒకటి. చీపురు ముట్టదు, పొయ్యి దగ్గరికి పోదు. పచ్చి ఆప్రికాట్లు ఒళ్ళో పోసుకుని ఉప్పులో అద్దుకుని కరకరా నములుతుంది. ఆ చప్పుడు వింటే నా పళ్ళు పులుస్తున్నాయి. ఒకప్పుడు నా లేత్ పక్కనే పెరిగిన పిల్ల, ఇప్పుడు వర్క్‌షాపు గడప తొక్కదు. పిలిస్తే వాళ్ళమ్మ అడ్డొస్తుంది. పెళ్ళయి మూడేళ్ళయినా ఇంత బద్ధకమేమిటంటే హోసియత్ నన్ను పురుగుని చూసినట్టు చూసింది.

ఇక మీరే చెప్పండి ఏం చెయ్యాలో.

హమ్రకుల్


తాష్కెంట్, ఏప్రిల్ 22

హమ్రా,

పరుపుగుడ్డ. లోపల దూది. చదివి మీ బావకి కూడా వినిపించాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సోమవారం బాగుండి శనివారానికి చెడే మోటారు నేను ఇంతవరకూ చూడలేదు. మోటారుకి వారాలు తెలియవు. వారం చివర మీ వీధిలో కరెంటు తగ్గుతుందేమో అనుకున్నాను గానీ అలా అయితే రంపం కూడా నీరసపడాలి, అది బాగానే కోస్తోందంటున్నావు. కాబట్టి ఊహలు కట్టిపెట్టి రెండు పరీక్షలు చెయ్యి.

ఒకటి. మిషన్ ఆగిన వెంటనే మోటారు వీపు మీద అరచెయ్యి పెట్టు. చెయ్యి పెట్టలేనంత కాలితే బిళ్ళే ఆపింది. పెట్టగలిగితే బిళ్ళ ఆపలేదు. రెండు. అదే వైరు చివర మిషన్ పక్కనే ఒక బల్బు తగిలించు. మిషన్ ఆగినప్పుడు బల్బు వెలుగుతూ ఉంటే రోగం మిషన్‌లో ఉంది. బల్బు కూడా ఆరితే మిషన్ దాకా కరెంటే రావడం లేదు, రోగం నీ ఇంట్లో ఉంది.

ఇంకో మాట. అనొద్దనుకుంటూనే అంటున్నాను. నేను పంపిన వస్తువు మీ ఇంట్లో ఏది బతికింది? నేను పంపిన ప్రెషర్ కుక్కర్లో కోళ్ళకి దాణా పోస్తున్నారు. నేను పంపిన ఇస్త్రీపెట్టె తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఇప్పుడు నేను చేసిన మిషన్‌కి పరుపు చుట్టారు. హోసియత్‌కి నా చేతి వస్తువంటే మొదటినుంచీ వెగటు. మిషన్ ఆగినప్పుడు ఆమె ఎక్కడుంటుందో ఒకసారి చూసుకో.

కరామత్


కోకంద్, ఏప్రిల్ 29

అక్కయ్యకు,

ముందు మీరడిగినవి.

మోటారు వీపు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. పిల్లి వీపు అంతకన్నా వేడిగా ఉంటుంది. బల్బు తగిలించాను. మిషన్ ఆగిన క్షణానే బల్బూ ఆరింది, మిషన్ తిరిగిన క్షణానే వెలిగింది. అంటే మీ మోటారు మంచిదే. ఆ మాట అన్నందుకు క్షమించమని రెండోసారి అడుగుతున్నాను, మూడోసారి అడగను.

ఇప్పుడు మీరు అడగనిది. హోసియత్ గురించి ఇంకొక్క అక్షరం రాశారంటే ఆ ఉత్తరం నేను చదవను. పరుపుసంచి కుట్టడానికి తన పెళ్ళినాటి పరుపు చింపింది. అది మీకు రాయలేదు నేను, మీరు ఎగతాళి చేస్తారని. రాయకపోయినా చేశారు. నేను దగ్గితే ఆమె నిద్ర లేచి కూర్చుంటుంది. గొర్రెకొవ్వు కరిగించి తేనెలో కలిపి తాగమని గిన్నె పట్టుకుని నిలబడుతుంది. ఆ వాసనకి నాకు వాంతి వస్తుంది, అయినా ఆమె కదలదు. అలాంటి మనిషి మీ మిషన్ మీద పగ పట్టిందా? తాష్కెంట్లో కూర్చుని మనుషుల్ని కూడా మోటార్లలా విప్పేసి చూస్తున్నారు మీరు.

ప్లగ్గే వదులైంది. గోడలో ఎలకలు ఉన్నాయి, వైరు కొరికి ఉంటాయి. ప్లగ్గు మార్చాను. మార్చిన రోజే మూడుసార్లు ఆగింది. ఎలకలమందు పెట్టాను, పక్కింటి కోడి తిని చచ్చింది. వాళ్ళు వచ్చి చచ్చిన కోడిని నా బల్ల మీద పెట్టి పోయారు.

అన్నిటికన్నా నాకిప్పుడు నా మీదే అసహ్యం. ఇనుప తొట్లూ ప్లాస్టిక్ తొట్లూ సంతనిండా ఉన్నాయి. అయినా మనుమడు పుడితే ప్రతివాళ్ళూ వెతుక్కుంటూ మన గుమ్మానికే వస్తారు, ఉస్తాద్, మీ నాన్న చేసిన తొట్టిలోనే నేను పెరిగాను అంటారు. ఆ మాట కోసం ఈ పొట్టు తింటున్నాను. నిన్న ఉమ్మిలో ఒక ఎర్రగీత కనబడింది. ఇంట్లో చెప్పలేదు. మీకు చెప్తున్నాను, ఎందుకో తెలియదు.

హమ్రకుల్


తాష్కెంట్, మే 1

హమ్రా,

రంపం ఆపు. ఈ ఉత్తరం చదివిన చేత్తోనే ఆపు. మిషన్ బాగుపడేదాకా రంగులేసుకో, తాళ్ళు పేనుకో, ఏదైనా చేసుకో. డాక్టరమ్మ దగ్గరికి పోయి ఎర్రగీత మాట చెప్పు. పోకపోతే నేనే ఎర్గాష్ టాక్సీ ఎక్కి వస్తాను, వస్తే ఏం జరుగుతుందో నీకు తెలుసు.

హోసియత్ మాట ఎత్తొద్దన్నావు, ఎత్తను. పరుపు సంగతి నాకు తెలియదు. తెలిస్తే అలా రాసేదాన్ని కాదు.

కానీ విను. కొత్త ప్లగ్గు పెట్టావు. వైరు కొత్తది. ఎలకలు కొరికిన వైరు దానంతట అదే అతుక్కుని మళ్ళీ కరెంటివ్వదు. బల్బు ఆరి మళ్ళీ వెలిగిందంటే ఎవరో పీకి మళ్ళీ పెడుతున్నారు. అది చెయ్యే. ఎవరి చెయ్యో నేను అనను. మిషన్ ఆన్ చేసి వదిలేసి, ప్లగ్గు కనబడే చోట నువ్వు కూర్చో.

కరామత్


కోకంద్, మే 5

అక్కయ్యా,

మీరే గెలిచారు. సంతోషించండి.

మిషన్ ఆన్ చేసి తందూరు వెనక నక్కాను. నా ఇంట్లో నేనే దొంగలా. హోసియత్ వచ్చింది. తిన్నగా ప్లగ్గు దగ్గరికి రాలేదు. ముందు వర్క్‌షాపు కిటికీ దగ్గరికి పోయి లోపలికి చూస్తూ నిలబడింది. తర్వాత పరుగులాంటి నడకతో వసారాలోకి వచ్చి ప్లగ్గు పీకింది. మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది. మళ్ళీ చూసింది. కాసేపయ్యాక మెల్లగా వచ్చి ప్లగ్గు పెట్టి, చేతులు దులుపుకుని పిండి పిసకడానికి పోయింది.

బయటికొచ్చి అడిగాను. ఎందుకు చేస్తున్నావు?

"ఏం చేశాను?"

చూశాను హోసియత్, ఇప్పుడే చూశాను అన్నాను.

"చూస్తే చూశారు. మీకు చెప్పే మాట కాదు."

నేను చస్తుంటే నాకు చెప్పని మాట ఏమిటి అన్నాను.

"మీరు చావరు. నేను మళ్ళీ పెడుతూనే ఉన్నాగా."

అంతే. మళ్ళీ పిండి మీదికి వంగింది. ముప్పై ఏళ్ళ కాపురం అక్కయ్యా. ఎర్రగీత మాట కూడా అప్పుడే కోపంలో చెప్పేశాను. మొహం తెల్లబడింది, చేతిలో పిండి కింద పడింది, అయినా చెప్పలేదు. నేను ఎలకలకి మందు పెట్టాను, పక్కింటివాళ్ళతో తగువు పడ్డాను, మిమ్మల్ని అనరాని మాటన్నాను. ఆమె అన్నీ చూస్తూ టీ పోసింది. ఆ చేతి టీ తాగబుద్ధి కావడం లేదు. రెండు రోజుల నుంచి సంతలో సూపు తాగి బతుకుతున్నాను, అందులో వాళ్ళు వేసే కొవ్వు చూస్తే దానికన్నా పొట్టే నయమనిపిస్తోంది.

ప్లగ్గు మీద చెక్కపెట్టె బిగించి తాళం వేశాను. తాళంచెవి నా మెళ్ళో ఉంది. అప్పటి నుంచి మిషన్ ఒక్కసారి ఆగలేదు. రంపం ఆపమన్నారు గానీ, మిషన్ బాగుపడింది కాబట్టి మొదలుపెట్టాను. గాలి శుభ్రంగా ఉంది. సుఖపడాలి కదా నేను.

ఇప్పుడు ఆమె వర్క్‌షాపులోకే వస్తోంది. అమ్మకానికి సిద్ధంగా ఉన్న తొట్ల మధ్య నిలబడి, ఒక చేత్తో ఒకదాన్నీ ఇంకో చేత్తో ఇంకోదాన్నీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. మూడోదాన్ని మోకాలితో నొక్కి పెడుతుంది. నేను రంపం ఆపేదాకా అలాగే. మతి పోయిందేమోనని భయంగా ఉంది, భయం కన్నా రోత ఎక్కువగా ఉంది. సంత దాకా చూసి పుట్టింటికి పంపేద్దామనుకుంటున్నాను.

హమ్రకుల్


తాష్కెంట్, మే 7

తమ్ముడూ,

తాళం తియ్యి.

నీ ఉత్తరం ఆఖరి పేరా చదివి పాత ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. ఇంత తేలికైన సంగతి ఇన్ని వారాలు కనబడనందుకు నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియలేదు. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, నేల అదురుతుంది, తొట్లు ఒకదానికొకటి తగులుతున్నాయి అని. నువ్వు రంగుల కోసం ఏడ్చావు. నేను మోటారు కోసం ఏడ్చాను. సోమవారం ఎందుకు బాగుండేది? ఆదివారం అన్నీ అమ్మేసి వస్తావు కాబట్టి. తొట్టి లేదు, ఊగేది లేదు. వారం గడిచేకొద్దీ వంపుకాళ్ళ మీద వరసగా నిలబెడతావు, నీ మిషన్ వాటన్నిటినీ ఊపుతుంది. ఖాళీ తొట్లని, హమ్రా. ఒకటి కాదు, ఒక వరస ఖాళీ తొట్లు.

చిన్నప్పుడు నాన్న చేసిన ఖాళీ తొట్టిని ఆటకి ఊపానని, అలా ఊపితే పుట్టబోయే బిడ్డకి కీడని అమ్మ నా చేతి మీద గరిటెతో కొట్టింది గుర్తుందా? నీకు గుర్తుండదు. మగపిల్లలు ఊపినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. తొట్లు చేసేవాళ్ళకి అది చెక్క. కిటికీలోంచి చూసేవాళ్ళకి కాదు.

ఎవరి కోసం భయపడుతోందని నన్ను అడగకు. ఆమెని అసలు అడగకు. నిలబడేదాకా పైకి అనకూడని మాటలుంటాయి, అందులోనూ నీలాంటివాడి చెవిన వెయ్యకూడనివి. రెండుసార్లు నిలబడలేదని నాకు తెలుసు, నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు చెయ్యాల్సిందల్లా వసారాలో కూర్చుని పచ్చి ఆప్రికాట్లు తినేవాళ్ళని చూసి చిరాకు పడటం మానెయ్యడం. వదులు కోటు గురించి కూడా ఇంకెప్పుడూ నోరెత్తకు.

నువ్వు దగ్గుతుంటే వినలేక ప్లగ్గు మళ్ళీ పెట్టింది. తొట్లు ఊగుతుంటే చూడలేక మళ్ళీ పీకింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీకూ ఆ బిడ్డకీ మధ్య పరుగెత్తింది ఆ మనిషి, నోరు విప్పకుండా. ఇప్పుడు నువ్వు తాళం వేస్తే నీ పొట్టులోకే వచ్చి చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమెకి మతి పోయిందా? మనకి పోయింది.

నేను నమ్ముతానా అంటే, నేను మోటార్లు చుట్టే మనిషిని, నమ్మను. అయినా పెళ్ళప్పుడు నాన్న నాకు చేసిచ్చిన తొట్టి ఇంకా మా ఇంట్లో ఉంది. అందులో ఎవరూ పడుకోలేదు. మీ బావ దాన్ని ఖాళీగా ఉంచడం ఇష్టంలేక ఉల్లిపాయలు పోస్తాడు. ఇన్నేళ్ళలో ఉల్లిపాయలు అయిపోయిన రోజు ఒక్కటీ లేదు. ఆయన ఎందుకు పోస్తాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మల్బరీ ముక్కలతో చీలలు కోసి ప్రతి తొట్టి వంపుకాళ్ళ కిందా రెండువైపులా బిగించు. మిషన్ కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వెయ్యి, నేల అదరడం తగ్గుతుంది. ఈ మాట మొదటి ఉత్తరానికే నేను రాయాల్సింది.

హోసియత్‌కి ఎర్గాష్ చేత పరుపుగుడ్డ పంపుతున్నాను. మంచిది. దాన్ని మాత్రం మిషన్‌కి చుట్టొద్దని చెప్పు.

నీ అక్క


కోకంద్, జూన్ 2

అక్కయ్యకు సలాములు. బావకి నా ప్రత్యేకమైన సలాము చెప్పండి.

రాయడానికి ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియలేదు.

మీ ఉత్తరం వచ్చిన రోజే తాళం తీసి, పెట్టె పగలగొట్టాను. చీలలు కోసి బిగించాను. టైరు ముక్కలు వేశాను. మిషన్ ఆన్ చేశాను. తొట్లన్నీ చెప్పిన మాట వినే పిల్లల్లా కదలకుండా నిలబడ్డాయి. కిటికీ దగ్గర హోసియత్ నిలబడి ఉందని తెలుసు, తలెత్తి చూడలేదు. ఆమె చాలాసేపు చూసి పోయింది. ఆ మధ్యాహ్నం టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తాగాను. మీరు పంపిన గుడ్డ చూసి "వదినగారి రంగుల ఎంపిక ఎప్పుడూ ఇంతే" అంది, కానీ అప్పుడే కత్తిరించడం మొదలుపెట్టింది.

నిన్న మిషన్ మళ్ళీ ఆగింది. నా ప్రాణం ఉసూరుమంది. వసారాలోకి పోతే హోసియత్ ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నోటితో చెప్పలేదు, గడ్డంతో వర్క్‌షాపు వైపు చూపించింది. చూస్తే ఓ మూల తొట్టి కింద చీల జారింది. సుత్తితో కొట్టి బిగించి చెయ్యెత్తాను. ఆమె ప్లగ్గు పెట్టింది. అదే రోగం అయితే ఇక మందు తెలుసు.

డాక్టరమ్మ చూసింది. ఎర్రగీత గొంతు ఒరుసుకుపోవడం వల్ల వచ్చిందంది. లోపల పాడైంది పాడైనట్టే ఉంటుంది, మిషన్ లేకుండా రంపం ముడితే మాత్రం తన దగ్గరికి రావొద్దంది. గొర్రెకొవ్వు వల్ల ఉపయోగం లేదని కూడా అంది. ఆ మాట ఇంట్లో చెప్పాను, గిన్నె మాత్రం ఆగలేదు. వాసన అలాగే ఉంది, తాగుతున్నాను.

మొన్న ఓయ్‌దిన్ వచ్చింది. కోటు అలాగే ఉంది, ఇంకా వదులైనది. నేను చూడనట్టే ఉన్నాను. వర్క్‌షాపు గడప దాకా వచ్చి ఆగింది. రంపం మీద చెక్క ఉంది. మిషన్ తిరుగుతోంది, గాలి బాగానే ఉంది. అయినా అన్నీ ఆపి, పొట్టు అణిగేదాకా ఆగి, అప్పుడు లోపలికి రమ్మన్నాను. చిన్నప్పుడు కూర్చునే పీట మీద కూర్చుంది. నా లేత్ మీద ఉన్న చెక్క చూసి "ఎవరిది నాన్నా?" అంది.

బేరమింకా కుదరలేదు, ఊరికే చేస్తున్నాను అన్నాను. తల ఊపింది. చున్నీ చివర నోటికడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

అది మంచి మల్బరీ, మీకు తెలుసు, నాన్న దాచిన దుంగలోది. పక్కకమ్ములు లేత్ మీద తిప్పాను, పైకమ్మి తిప్పాను, రంగు వేసి ఆరబెట్టాను. ఎరుపు పసుపుకి అంటుకోలేదు. వంపుకాళ్ళు కూడా కోసి, నునుపు పట్టి, గోడకి ఆనించి పెట్టాను. అవి మాత్రం ఇంకా బిగించలేదు. బిడ్డ వచ్చాక బిగిస్తాను.

మీ తమ్ముడు
హమ్రకుల్